సొంత సర్వర్ల మీద కంటైనర్లతో డిస్ట్రిబ్యూటెడ్ ప్లాట్‌ఫామ్: ఏది ముందు, ఏది తర్వాత

"ఒక్క సర్వర్ మీద నడుస్తున్న ప్లాట్‌ఫామ్‌ని కంటైనర్లలో పెట్టి మూడు మెషీన్ల మీదికి ఎలా పరచాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. దాదాపు అందరూ మొదట అడిగేది "కుబర్నెటీసా, స్వార్మా?" అనే. రెండూ చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపించే పనిముట్లు, వాటిని ఆర్కెస్ట్రేటర్లు అంటారు. ఆ ప్రశ్న ఈ గైడ్‌లో ఐదో మెట్టు దగ్గర వస్తుంది. దానికి ముందు చేయాల్సిన పనులు వదిలేసి నేరుగా అక్కడికి దూకితే, ఏది ఎంచుకున్నా తల ప్రాణం తోకకొస్తుంది.

ఉదాహరణకి ఒక మామూలు ప్లాట్‌ఫామ్ అనుకుందాం. జనం లాగిన్ అవుతారు, ఫైళ్లు అప్‌లోడ్ చేస్తారు, వెతుక్కుంటారు, నోటిఫికేషన్లు అందుకుంటారు. వెనకాల ఒక వెబ్ యాప్, బ్యాక్‌గ్రౌండ్ పనులు చేసే వర్కర్, టైముకి పనులు మొదలుపెట్టే షెడ్యూలర్, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్, క్యాష్‌కీ జాబ్ క్యూకీ రెడిస్, ఫైళ్లుండే డిస్కు, అన్నిటికీ ముందు రిక్వెస్టులు అందుకుని లోపలికి పంచే ఒక రివర్స్ ప్రాక్సీ ఉంటాయి. మీ యాప్ ఏ భాషలో రాసినా ఆకారం కాస్త అటూఇటూగా ఇదే. లినక్స్ కమాండ్ లైన్, డాకర్ మొదటి పాఠాలు వచ్చనుకుని రాస్తున్నాను.

## 1. ఏం పడిపోయినా నడవాలో ముందు రాసుకోండి

ఒక్క మెషీన్ నుంచి చాలా మెషీన్లకి వెళ్లడమంటే, కొన్ని దెబ్బలు తట్టుకోవడం కోసం కొత్త తలనొప్పులు కొని తెచ్చుకోవడం. ఏ దెబ్బ తట్టుకోవాలో తెలియకుండా మొదలుపెడితే తలనొప్పులే మిగులుతాయి.

రెండు ప్రశ్నలకి అంకెల్లో జవాబు కావాలి. ఆగిపోతే ఎంతసేపట్లో లేవాలి? ఎంతసేపటి డేటా పోయినా సర్దుకోగలం? "అస్సలు ఆగకూడదు, ఏదీ పోకూడదు" అన్నది జవాబు కాదు, కోరిక.

తర్వాత ఈ వరసలో ఒక్కోదాని పక్కన "ఇలా జరిగితే ఏం చేస్తాం" అని రాయండి:

- [ ] వెబ్ ప్రాసెస్ క్రాష్ అయింది
- [ ] ఒక మెషీన్‌లో డిస్కు పోయింది
- [ ] ఒక మెషీన్ మొత్తం ఆగింది
- [ ] స్విచ్ లేదా రూటర్ పోయింది
- [ ] కరెంటు పోయి అన్నీ ఒకేసారి ఆగి, ఒకేసారి లేచాయి
- [ ] పొరపాటున ఎవరో ఒక టేబుల్ తుడిచేశారు
- [ ] తప్పు వెర్షన్ డిప్లాయ్ అయింది

చివరి రెండింటికీ ఎన్ని మెషీన్లున్నా ఉపయోగం లేదు. మీరు టేబుల్ తుడిచేస్తే రెప్లికా (డేటాబేస్‌ని చూసి ఎప్పటికప్పుడు మారే నకలు) కూడా క్షణాల్లో బుద్ధిగా తుడిచేస్తుంది. వాటికి మందు బ్యాకప్, రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) మాత్రమే.

మీ జవాబు "ఒక గంట ఆగినా ఫర్వాలేదు, పదిహేను నిమిషాల డేటా పోయినా సర్దుకుంటాం" అయితే మీకు క్లస్టర్ (కలిసి ఒకటిగా పనిచేసే మెషీన్ల గుంపు) అక్కర్లేదు. ఒక మంచి మెషీన్, కంపోజ్ ఫైలు, వేరే చోటికి వెళ్లే బ్యాకప్, పక్కన ఖాళీగా ఒక స్పేర్ మెషీన్ చాలు. నాలుగో మెట్టు దాకా చదివి, నేరుగా తొమ్మిదికి వెళ్లండి. ఇందులో నామోషీ ఏం లేదు, నన్నడిగితే ఎక్కువమందికి సరైన సెటప్ ఇదే.

ఇంకో మాట. ఒకే పెద్ద మెషీన్ మీద మూడు వర్చువల్ మెషీన్లు వేసి "మూడు నోడ్ల క్లస్టర్" అనుకోవద్దు. నేర్చుకోవడానికి బాగుంటుంది, ఒక్కో నోడ్‌ని విడివిడిగా అప్‌గ్రేడ్ చేసుకోడానికీ పనికొస్తుంది, కానీ కింద ఉన్న ఆ ఒక్క డబ్బా పోతే మూడూ పోతాయి.

## 2. స్టేట్ ఎక్కడెక్కడ దాక్కుందో వెతకండి

స్టేట్ అంటే యాప్ తర్వాత వాడుకోవడానికి దాచుకునే ఏ డేటా అయినా. అసలు పని ఇదే, గైడ్‌లో మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ఒక కంటైనర్‌ని చంపేసి ఇంకో మెషీన్ మీద కొత్తది లేపితే ఎవరికీ తేడా తెలియకూడదు. తెలిసిందంటే ఏదో ఆ కంటైనర్‌లోనో ఆ మెషీన్‌లోనో ఉండిపోయిందన్నమాట.

డేటాబేస్ ఎక్కడుందో అందరికీ తెలుసు. మనం మర్చిపోయేవి వేరే ఉంటాయి:

- అప్‌లోడ్ అయిన ఫైళ్లు, వాటి నుంచి తయారైన చిన్న బొమ్మలు
- ప్రాసెస్ మెమరీలో లేదా ఫైళ్లలో ఉండే లాగిన్ సెషన్లు
- మెమరీలోనే లెక్కపెట్టే రేట్ లిమిట్లు (ఒకరు ఎన్ని రిక్వెస్టులు పంపొచ్చన్న పరిమితి)
- మెషీన్ క్రాన్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన పనులు
- అడ్మిన్ పేజీ నుంచి మారిస్తే డిస్కులో రాసుకునే సెట్టింగులు, ప్లగిన్లు
- మొదటిసారి లేచినప్పుడు యాప్ తనంతట తాను తయారు చేసుకున్న సీక్రెట్ కీ
- సెర్చ్ ఇండెక్స్
- టీఎల్ఎస్ సర్టిఫికెట్లు
- తెరిచి ఉన్న వెబ్‌సాకెట్ కనెక్షన్లు

వీటిని ఊహించి రాయకండి, పట్టుకోండి. యాప్‌ని కంటైనర్‌లో లేపి ఒక రోజు మామూలుగా వాడి, డాకర్ డిఫ్ కమాండ్ కొడితే ఇమేజ్‌తో పోలిస్తే ఏ ఫైళ్లు కొత్తగా వచ్చాయో, ఏవి మారాయో బయటపడుతుంది. అయితే వాల్యూమ్‌గా తగిలించిన ఫోల్డర్లు అందులో కనపడవు, వాటిని విడిగా చూడాలి. ఆ తర్వాత అదే కంటైనర్‌ని రీడ్-ఓన్లీ ఆప్షన్‌తో లేపండి. ఎక్కడ రాయబోయి ఎర్రర్ ఇస్తుందో అదంతా మీ లిస్టు. టెంపరరీ ఫోల్డర్‌కి మాత్రం మెమరీలో ఉండే టీఎంపీఎఫ్‌ఎస్ ఇవ్వండి.

దొరికినవాటిని మూడు రాశులు చేయాలి. పోతే తిరిగిరానివి: డేటాబేస్, అప్‌లోడ్‌లు, కీలు. పోయినా మళ్లీ తయారు చేసుకోగలిగినవి: సెర్చ్ ఇండెక్స్, చిన్న బొమ్మలు. పోతే పట్టించుకోనక్కర్లేనివి: క్యాష్. ఈ విభజన చేతిలో ఉంటే దేనికి బ్యాకప్ పెట్టాలి, దేనికి అనవసరంగా రెప్లికేషన్ పెట్టకూడదు అన్నది తేలిపోతుంది.

ఇక తరలింపు. అప్‌లోడ్‌లు ఎస్3 తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి (ఫైళ్లని నెట్‌వర్క్ మీద దాచి ఇచ్చే సర్వీస్) పోవాలి, సెషన్లు రెడిస్‌కో డేటాబేస్‌కో లేదా సంతకం చేసిన కుకీలకో. సీక్రెట్ కీ బయటి నుంచి ఇవ్వాలి. రెండు కాపీలు రెండు వేర్వేరు కీలతో లేస్తే, ఒకటి ఇచ్చిన కుకీని ఇంకోటి ఒప్పుకోదు, యూజర్ ప్రతి రెండో క్లిక్‌కీ బయటికి వచ్చేస్తుంటాడు.

ఇక్కడ చాలామంది తీసుకునే షార్ట్‌కట్, అన్ని మెషీన్లకీ నెట్‌వర్క్ మీద పంచుకునే ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ తగిలించడం. అప్‌లోడ్ ఫైళ్ల వరకు పని జరుగుతుంది, కానీ ఆ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పడితే అందరూ పడతారు. దాని మీద ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) ఫైలు మాత్రం పెట్టకండి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌ల మీద లాకింగ్ నమ్మదగ్గది కాదు, వాల్ మోడ్ (మార్పులని ముందు ఒక లాగ్‌లో రాసుకునే పద్ధతి) అయితే అసలు పనే చేయదు. డేటా పాడవుతుంది, అదీ వెంటనే తెలియదు.

## 3. ఇమేజ్‌ని ఎలా తయారు చేయాలి

వెబ్, వర్కర్, షెడ్యూలర్ మూడింటికీ ఒకే ఇమేజ్ వాడండి, లేపే కమాండ్ మాత్రం మార్చండి. మూడు ఇమేజ్‌లు పెట్టుకుంటే ఎప్పుడో ఒకరోజు వర్కర్ పాత వెర్షన్‌లో, వెబ్ కొత్త వెర్షన్‌లో ఉండిపోతాయి.

- [ ] బిల్డ్ పనిముట్లు ఒక స్టేజ్‌లో, చివరి ఇమేజ్‌లో నడవడానికి కావాల్సినవి మాత్రమే
- [ ] రూట్ కాని యూజర్
- [ ] కాన్ఫిగరేషన్ ఏదీ ఇమేజ్‌లో ఉండదు. టెస్టుకీ ప్రొడక్షన్‌కీ అదే ఇమేజ్
- [ ] లాగ్‌లు ఫైల్లోకి కాదు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి
- [ ] వెర్షన్ నంబర్ లేదా కమిట్ ఐడీతో ట్యాగ్

లేటెస్ట్ ట్యాగ్ గురించి వేరే చెప్పాలి. ఒక్క మెషీన్ ఉన్నప్పుడు అది బద్ధకం, అంతే. మూడు మెషీన్లలో అయితే ఒక్కోటి ఒక్కో రోజు ఇమేజ్ లాగుతుంది, పేరు ఒకటే ఉన్నా లోపల కోడ్ వేరు. రోల్‌బ్యాక్ చేద్దామన్నా దేనికి వెళ్లాలో తెలియదు.

తర్వాత సిగ్నళ్ల సంగతి. డాకర్ ఒక కంటైనర్‌ని ఆపేటప్పుడు ముందు సిగ్‌టర్మ్ (పని ముగించుకుని ఆగమనే సిగ్నల్) పంపి 10 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. కుబర్నెటీస్‌లో మామూలుగా ఆ గడువు 30 సెకన్లు. కంటైనర్‌లో మొదటి ప్రాసెస్ మీ యాప్ కాకుండా షెల్ అయితే ఆ సిగ్‌టర్మ్ మీ యాప్ దాకా రాకపోవచ్చు, అంటే డిప్లాయ్ చేసిన ప్రతిసారీ సగంలో ఉన్న రిక్వెస్టులు, సగంలో ఉన్న జాబ్‌లు తెగిపోతుంటాయి, మీకేమో అప్పుడప్పుడు ఎందుకో 502 (వెనకున్న యాప్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోందని మాత్రమే తెలుస్తుంది. ఎంట్రీపాయింట్‌ని షెల్ లైనులా కాకుండా జాబితా రూపంలో రాయండి, మధ్యలో స్క్రిప్ట్ తప్పదనుకుంటే దాని చివర ఎగ్జెక్‌తో యాప్‌ని లేపండి, యాప్ సొంతంగా సిగ్నల్‌ని పట్టుకోకపోతే టిని లాంటి చిన్న ఇనిట్ పెట్టండి.

పరీక్ష సులువు: కంటైనర్‌ని ఆపండి. రెండు మూడు సెకన్లలో ఆగితే మంచిది. ప్రతిసారీ సరిగ్గా 10 సెకన్లు పడుతుంటే సిగ్నల్ అందట్లేదు.

హెల్త్ చెక్‌లు రెండు వేర్వేరుగా ఉండాలి. "నేను బతికే ఉన్నానా" అన్నది లైవ్‌నెస్, "ఇప్పుడు రిక్వెస్టులు తీసుకోగలనా" అన్నది రెడీనెస్. లైవ్‌నెస్‌లో డేటాబేస్‌ని తాకకండి. తాకితే డేటాబేస్ ఒక నిమిషం నెమ్మదించిన పాపానికి వెబ్ కంటైనర్లన్నీ వరసగా రీస్టార్ట్ అయి, లేవగానే అన్నీ కలిసి కొత్త కనెక్షన్ల కోసం అదే డేటాబేస్ మీద పడతాయి.

## 4. ఒకే మెషీన్ మీద రెండు కాపీలు

క్లస్టర్ జోలికి వెళ్లకముందే కంపోజ్ ఫైల్లో వెబ్‌ని రెండు కాపీలు, వర్కర్‌ని రెండు కాపీలు లేపి, ముందు ఒక ప్రాక్సీ పెట్టండి. డిస్ట్రిబ్యూటెడ్ బగ్‌లలో పెద్ద భాగం ఇక్కడే, నెట్‌వర్క్ గోల లేకుండా, మీ కళ్ల ముందే బయటపడుతుంది. ఈ మెట్టు దాటేసినవాళ్లు అవే బగ్‌లని తర్వాత మూడు మెషీన్ల లాగ్‌లలో వెతుక్కుంటారు.

రెండో కాపీ లేవకుండా పోర్ట్ వాడుకలో ఉందని ఎర్రర్ వస్తే, వెబ్ సర్వీస్‌కి హోస్ట్ పోర్ట్ ఇచ్చి ఉంటారు. అది తీసేయండి, హోస్ట్ పోర్ట్ ప్రాక్సీకి మాత్రమే ఉండాలి.

ఇక ఇవన్నీ చేసి చూడండి:

- [ ] లాగిన్ అయి ఇరవై సార్లు రీఫ్రెష్ చేయడం
- [ ] ఫైలు అప్‌లోడ్ చేసి, దాన్ని తీసుకున్న కాపీని చంపి, అదే ఫైలు తెరవడం
- [ ] రెండు బ్రౌజర్లలో ఒకే పేజీ తెరిచి, ఒకదాంట్లో చేసిన మార్పు నోటిఫికేషన్ రెండోదానికి వస్తుందా చూడటం
- [ ] షెడ్యూల్ అయిన ఈమెయిల్ ఒకటే వచ్చిందా, రెండొచ్చాయా
- [ ] పెద్ద జాబ్ నడుస్తుండగా వర్కర్‌ని చంపడం

నోటిఫికేషన్ రాకపోతే వెబ్‌సాకెట్ మెసేజ్‌లు ఒక్క ప్రాసెస్‌లోనే తిరుగుతున్నాయి, రెడిస్ పబ్-సబ్ (ఒకరు పంపిన మెసేజ్ వింటున్న అందరికీ చేర్చేది) లాంటిది మధ్యలో పెట్టాలి. ఈమెయిల్ రెండొస్తే షెడ్యూలర్ రెండు చోట్ల నడుస్తోంది, దాన్ని ఒక్క కాపీకి పరిమితం చేయండి లేదా డేటాబేస్ లాక్ పట్టుకున్న కాపీయే పని చేసేలా రాయండి.

చివరి పరీక్ష ముఖ్యం. మామూలు జాబ్ క్యూలు ఇచ్చే హామీ "కనీసం ఒక్కసారి" అన్నదే, "సరిగ్గా ఒక్కసారి" కాదు. అందుకని ఒకే జాబ్ రెండుసార్లు నడిచినా ఫలితం మారకుండా కోడ్ రాసుకోవాలి. డబ్బుకి సంబంధించిన జాబ్ అయితే మరీను.

కంపోజ్‌లో డిపెండ్స్-ఆన్ అని రాస్తే డేటాబేస్ సిద్ధమయ్యే దాకా ఆగుతుందనుకుంటారు. ఊరికే రాస్తే కంటైనర్ మొదలయ్యే దాకానే ఆగుతుంది. హెల్త్ చెక్ పెట్టి, సర్వీస్ హెల్దీ అన్న షరతు కూడా ఇవ్వాలి. అయినా సరే, యాప్ తనంతట తాను మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా ఉండటమే అసలైన పరిష్కారం, ఎందుకంటే క్లస్టర్‌లో ఈ వరసకి ఎవరూ హామీ ఇవ్వరు.

ఒక హెచ్చరిక: ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాం కదా అని పోస్ట్‌గ్రెస్ పోర్ట్‌ని పబ్లిష్ చేయకండి. డాకర్ ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తనే రాసుకుంటుంది, పబ్లిష్ చేసిన పోర్ట్‌లు యూఎఫ్‌డబ్ల్యూని దాటుకుని బయటికి తెరుచుకుంటాయి. తప్పనిసరైతే 127.0.0.1 కి మాత్రమే కట్టండి.

## 5. ఇప్పుడు ఆర్కెస్ట్రేటర్

క్లుప్తంగా నా అభిప్రాయం. ఒకరిద్దరు మనుషులు చూసుకునే చిన్న ప్లాట్‌ఫామ్, కంపోజ్ ఫైలు బాగా అలవాటు: స్వార్మ్ చాలు. మున్ముందు ఆపరేటర్లు, హెల్మ్ చార్ట్‌లు లాంటి కుబర్నెటీస్ పనిముట్లు, రకరకాల స్టోరేజ్ కావాలనిపిస్తే: కే3ఎస్, అంటే తేలికపాటి కుబర్నెటీస్. అందులో ఇన్‌గ్రెస్ (బయటి రిక్వెస్టులు లోపలికి వచ్చే దారి) కోసం ట్రేఫిక్, నెట్‌వర్క్ కోసం ఫ్లానెల్, లోకల్ డిస్కు వాడే స్టోరేజ్ ముందే ఉంటాయి. కంటైనర్లు కాని ప్రోగ్రాములు కూడా నడపాలంటే నోమాడ్ చూడండి. పూర్తి కుబర్నెటీస్‌ని ముక్క ముక్కగా చేత్తో కట్టడం నేర్చుకోవడానికి మంచిదే, సొంత ప్లాట్‌ఫామ్ నడపడానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

ఏది తీసుకున్నా కోరం లెక్క తప్పదు. క్లస్టర్‌ని నడిపించే మేనేజర్ నోడ్లు (కే3ఎస్‌లో వీటిని సర్వర్లు అంటారు) ఒక మాట మీద ఉండటానికి రాఫ్ట్ అనే పద్ధతి వాడతాయి, దానికి సగం కంటే ఎక్కువమంది బతికి ఉండాలి.

- 1 మేనేజర్: అది పోతే అంతే
- 2 మేనేజర్లు: ఏ ఒక్కటి పోయినా అంతే, అంటే ఒకటి ఉన్నప్పటికంటే అధ్వానం
- 3 మేనేజర్లు: ఒకటి పోవచ్చు
- 4 మేనేజర్లు: అప్పుడూ ఒకటే పోవచ్చు
- 5 మేనేజర్లు: రెండు పోవచ్చు

కాబట్టి మూడు. కే3ఎస్ మామూలుగా ఎస్‌క్యూలైట్‌తో లేస్తుంది, మూడు సర్వర్ల సెటప్ కావాలంటే మొదటి సర్వర్‌నే ఎట్‌సీడీ (క్లస్టర్ వివరాలు దాచే డేటాబేస్) మోడ్‌లో మొదలుపెట్టాలి. ఎట్‌సీడీ ప్రతి మార్పునీ డిస్కు మీద గట్టిపడ్డాకే ఒప్పుకుంటుంది, అందుకే దానికి ఎస్‌ఎస్‌డీ కావాలి. ఎస్‌డీ కార్డు మీద పెడితే లీడర్ మాటిమాటికీ మారిపోతూ క్లస్టర్ ఊగిసలాడుతుంది. ఇంకా, మూడు నోడ్లనీ దూరదూరంగా వేర్వేరు ఊళ్లలో పెట్టకండి, నెట్‌వర్క్ ఆలస్యం దానికి పడదు.

## 6. నెట్‌వర్క్, ముందు తలుపు

మెషీన్ల మధ్య ఒక ప్రైవేట్ నెట్‌వర్క్ ఉండాలి, లేకపోతే వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో కట్టండి. బయటికి 80, 443 తప్ప ఏదీ తెరవకండి. నోడ్ల మధ్య తెరవాల్సినవి:

- [ ] స్వార్మ్: 2377 టీసీపీ, 7946 టీసీపీ-యూడీపీ, 4789 యూడీపీ
- [ ] కే3ఎస్: 6443 టీసీపీ, 10250 టీసీపీ, 8472 యూడీపీ, సర్వర్ల మధ్య 2379, 2380 టీసీపీ

యూడీపీ పోర్ట్ మర్చిపోతే వింతగా ఉంటుంది. నోడ్లన్నీ రెడీ అని చూపిస్తాయి, ఒకే నోడ్‌లో ఉన్న కంటైనర్లు మాట్లాడుకుంటాయి, వేరే నోడ్‌లో ఉన్నవి మాత్రం టైమౌట్.

ఇంకో పాత శత్రువు ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు. వేర్వేరు నోడ్లలోని కంటైనర్లని కలిపే ఓవర్‌లే నెట్‌వర్క్ ప్రతి ప్యాకెట్‌కీ తన హెడర్ కలుపుతుంది, వీఎక్స్‌లాన్ రకమైతే 50 బైట్లు. మామూలు 1500 లోంచి అది పోతే 1450. ఆ కింద వైర్‌గార్డ్ కూడా ఉంటే దాని 1420 లోంచి మళ్లీ తీసేయాలి. లెక్క తప్పితే చిన్న రిక్వెస్టులు చక్కగా వెళ్తాయి, పెద్ద పేజీలూ ఫైళ్లూ మధ్యలో వేలాడిపోతాయి. "పింగ్ వస్తోంది కానీ సైట్ తెరుచుకోవట్లేదు" అనే పరిస్థితి వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

బయటి నుంచి వచ్చే ట్రాఫిక్ ఏ నోడ్‌కి రావాలి? డీఎన్‌ఎస్‌లో మూడు ఐపీలు పెడితే, ఒక నోడ్ పడినప్పుడు కొంతమందికి సైట్ ఆలస్యంగానో అస్సలు రాకుండానో ఉంటుంది. కీప్‌అలైవ్‌డీతో ఒక తేలే ఐపీ పెట్టడం మేలు, నోడ్ పోతే ఆ ఐపీ పక్కదానికి వెళ్తుంది. దీనికి నోడ్లన్నీ ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఉండాలి.

ప్రాక్సీ వెనక యాప్‌కి అందరి ఐపీ ఒకటే కనిపిస్తుంది. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ని నమ్మమని యాప్‌కి చెప్పండి, కానీ మీ ప్రాక్సీ ఐపీల నుంచి వచ్చినప్పుడే. ఎవరి నుంచి వచ్చినా నమ్మితే ఎవరైనా తమ ఐపీని అబద్ధం చెప్పి మీ రేట్ లిమిట్ దాటేస్తారు.

సర్టిఫికెట్ల కోసం ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుతుంటే, సెటప్ పూర్తయ్యే దాకా దాని స్టేజింగ్ సర్వర్‌తోనే ఆడుకోండి. ఒకే పేర్ల సెట్‌కి వారంలో 5 సర్టిఫికెట్లు మించి ఇవ్వదు. ప్రాక్సీని మళ్లీ మళ్లీ లేపుతూ, సర్టిఫికెట్ ఫైలుని వాల్యూమ్‌లో దాచకపోతే ఆ ఐదూ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి.

## 7. డేటా పొర: ఆఖరున, అతి జాగ్రత్తగా

వెబ్, వర్కర్లు మూడు మెషీన్ల మీదికి వెళ్లి ఒకట్రెండు వారాలు స్థిరంగా నడిచే దాకా పోస్ట్‌గ్రెస్‌ని ఉన్నచోటే ఉంచండి, ఒక మెషీన్ మీద, క్లస్టర్ బయట. రెండూ ఒకేసారి కదిపితే ఏ తప్పు ఎక్కడిదో తేల్చలేరు.

కనెక్షన్లు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రాసెస్, మామూలు పరిమితి 100. ఒక్కో వెబ్ కాపీకి 20 కనెక్షన్ల పూల్, నాలుగు కాపీలు, పైగా అంతే పూల్ ఉన్న రెండు వర్కర్లు: 120. డిప్లాయ్ జరిగేటప్పుడు పాతవీ కొత్తవీ కలిసి నడుస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువ. పరిమితిని వెయ్యికి పెంచేయడం పరిష్కారం కాదు, మెమరీ తినేస్తుంది. మధ్యలో పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్) పెట్టండి. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే మాత్రం సెషన్ మీద ఆధారపడే అడ్వైజరీ లాక్‌లు, లిజన్-నోటిఫై పనిచేయవు, అలాంటివాటికీ మైగ్రేషన్లకీ (టేబుళ్ల ఆకారం మార్చే స్క్రిప్ట్‌లు) నేరు కనెక్షన్ ఇవ్వాలి.

రెప్లికా. స్ట్రీమింగ్ రెప్లికేషన్ మామూలుగా అసింక్రనస్, అంటే రెప్లికాకి చేరిందో లేదో చూడకుండానే మార్పు ఒప్పేసుకుంటుంది. ప్రైమరీ (రాతలు తీసుకునే అసలు డేటాబేస్) పోతే చివరి కొద్దిపాటి మార్పులు పోవచ్చు. సింక్రనస్ చేస్తే అవి పోవు, కానీ ఒకే ఒక్క స్టాండ్‌బై (రెప్లికా) పెట్టుకుని సింక్రనస్ చేస్తే, ఆ స్టాండ్‌బై పడిన రోజున ప్రైమరీ మీద రాతలన్నీ ఆగిపోతాయి. మొదటి మెట్టులో రాసుకున్న అంకె ఇక్కడ పనికొస్తుంది.

రీడ్‌లని రెప్లికాకి పంపే ముందు ఇంకొకటి ఆలోచించండి. యూజర్ పేరు మార్చుకుని సేవ్ కొట్టాడు, తర్వాతి పేజీ రెప్లికా నుంచి వచ్చింది, పాత పేరే కనిపించింది. తను రాసిన వెంటనే చదివేవి ప్రైమరీ నుంచే రావాలి. రిపోర్టులు, ఎక్స్‌పోర్ట్‌లు రెప్లికాకి పంపండి.

ఆటోమేటిక్ ఫెయిలోవర్, అంటే ప్రైమరీ పోతే రెప్లికా దానంతటదే ప్రైమరీ కావడం. దీనికి పత్రోనీ, లేదా కుబర్నెటీస్ లోపలైతే క్లౌడ్‌నేటివ్‌పీజీ. మీరే స్క్రిప్ట్ రాయకండి, దయచేసి. "ప్రైమరీ పలకట్లేదు" అన్నదానికి "ప్రైమరీ చచ్చిపోయింది" అన్నదానికీ తేడా స్క్రిప్ట్‌కి తెలియదు. నెట్‌వర్క్ తెగినప్పుడు ఇద్దరు ప్రైమరీలు తయారై రెండు వైపులా రాతలు పడితే వాటిని మళ్లీ కలపడం నరకం. రాత్రిపూట లేచి చేత్తో ప్రమోట్ చేయడానికి మనిషి ఉంటే, చిన్న ప్లాట్‌ఫామ్‌కి చేత్తో చేసే ఫెయిలోవరే నయం.

డిస్కు. కే3ఎస్‌తో వచ్చే లోకల్ స్టోరేజ్‌లో పెట్టిన డేటా ఆ నోడ్‌కే అతుక్కుంటుంది. అలాగని పోస్ట్‌గ్రెస్‌ని లాంగ్‌హార్న్ లాంటి రెప్లికేటెడ్ స్టోరేజ్ మీద పెట్టి, పైన పోస్ట్‌గ్రెస్ రెప్లికాలు కూడా పెడితే? మూడు పోస్ట్‌గ్రెస్‌లు, ఒక్కోదానికి కింద మూడు కాపీలు, మొత్తం తొమ్మిది, ప్రతి రాతా నెట్‌వర్క్ మీద తిరగాలి. తన కాపీలు తనే చూసుకునే డేటాబేస్‌కి లోకల్ డిస్కే సరి.

రెడిస్. క్యాష్‌కి ఒకటి, క్యూకి ఇంకొకటి, రెండు వేర్వేరు ఇన్‌స్టెన్స్‌లు. క్యాష్‌కి మెమరీ నిండితే పాతవి తీసేసే పాలసీ కావాలి, క్యూకి ఏదీ తీసేయని పాలసీ, దానితో పాటు ఏఓఎఫ్ (ప్రతి రాతనీ డిస్కులోనూ రాసుకునే ఆప్షన్) కావాలి. రెండూ ఒకదాంట్లో పెట్టి మొదటి పాలసీ ఇస్తే, జాబ్‌లు చప్పుడు చేయకుండా మాయమవుతాయి.

ఫైళ్లు. గ్యారేజ్, సీవీడ్‌ఎఫ్‌ఎస్, సెఫ్ లాంటివి ఉన్నాయి. సెఫ్ చిన్న సెటప్‌కి బరువెక్కువ. పెద్ద ఫైళ్లు వెబ్ యాప్ గుండా పోనివ్వకుండా, సంతకం చేసిన తాత్కాలిక లింకు ఇచ్చి బ్రౌజర్‌నే నేరుగా స్టోరేజ్‌కి పంపండి.

## 8. కొత్త వెర్షన్ దించడం

ఇకపై ప్రతి డిప్లాయ్‌లో కొంతసేపు పాత కోడ్, కొత్త కోడ్ ఒకే డేటాబేస్ మీద నడుస్తాయి. కాబట్టి కాలమ్ పేరు ఒక్క దెబ్బకి మార్చడం కుదరదు. వరస ఇది:

1. కొత్త కాలమ్ కలపండి, ఖాళీగా ఉండొచ్చు.
2. రెండు కాలమ్‌లలోనూ రాసే కోడ్ దించండి.
3. పాత వరసల డేటాని కొద్దికొద్దిగా కొత్త కాలమ్‌లోకి నింపండి.
4. కొత్త కాలమ్ నుంచే చదివే కోడ్ దించండి.
5. తర్వాత ఎప్పుడో, పాత కాలమ్‌ని చదివే కోడ్ గానీ అందులో రాసే కోడ్ గానీ ఎక్కడా లేదని తేలాక, పాత కాలమ్ తీసేయండి.

మైగ్రేషన్‌ని కంటైనర్ లేచేటప్పుడు నడపకండి. నాలుగు కాపీలు లేస్తే నలుగురూ దాన్ని మొదలుపెడతారు. డిప్లాయ్‌కి ముందు ఒక్కసారి నడిచే విడి జాబ్‌గా పెట్టండి.

కుబర్నెటీస్‌లో ఒక చిన్న తిరకాసు ఉంది. పాడ్‌కి (కుబర్నెటీస్ కంటైనర్లని పెట్టి నడిపే చిన్న మూట) సిగ్‌టర్మ్ పంపడం, దాన్ని ట్రాఫిక్ జాబితాలోంచి తీయడం ఒకేసారి మొదలవుతాయి, ఏది ముందు పూర్తవుతుందో చెప్పలేం. ఆపే ముందు ఐదారు సెకన్ల నిద్ర ఒకటి ప్రీ-స్టాప్ హుక్‌లో పెడితే ఆ మధ్యలో వచ్చే రిక్వెస్టులు తెగవు.

అలాగే కాపీలన్నీ ఒకే నోడ్ మీద కూర్చోకుండా యాంటీ-అఫినిటీ పెట్టండి. మూడు కాపీలూ ఒకే మెషీన్ మీద ఉంటే మిగతా రెండు మెషీన్లు ఎందుకున్నట్టు?

## 9. బ్యాకప్, సీక్రెట్లు

మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. పోస్ట్‌గ్రెస్‌కి రోజువారీ డంప్ మాత్రమే ఉంటే ఒక రోజు డేటా పోవచ్చు. నిమిషాల్లోకి తేవాలంటే పీజీబ్యాక్‌రెస్ట్ లాంటిదానితో వాల్ ఆర్కైవింగ్ (పోస్ట్‌గ్రెస్ రాసుకునే మార్పుల లాగ్‌ని ఎప్పటికప్పుడు బయట దాచడం) పెట్టాలి, అప్పుడు టేబుల్ తుడిచేయడానికి ఒక నిమిషం ముందుకి కూడా వెనక్కి వెళ్లొచ్చు. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని ఊరికే కాపీ చేయడం బ్యాకప్ కాదు.

- [ ] డేటాబేస్, ఆబ్జెక్ట్ స్టోరేజ్ రెండూ
- [ ] కంపోజ్ లేదా మ్యానిఫెస్ట్ ఫైళ్లు గిట్‌లో
- [ ] ఎట్‌సీడీ స్నాప్‌షాట్లు క్లస్టర్ బయట
- [ ] కే3ఎస్ సర్వర్ టోకెన్ విడిగా
- [ ] బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేసిన కీ, బ్యాకప్ లేని చోట

నాలుగోది దాదాపు అందరూ మర్చిపోతారు. కే3ఎస్ రోజుకి రెండుసార్లు స్నాప్‌షాట్ తనే తీస్తుంది, కానీ వాటిని ఆ మెషీన్ డిస్కు మీదే పెడుతుంది, పైగా టోకెన్ లేకుండా కొత్త మెషీన్ మీద ఆ స్నాప్‌షాట్ ఎందుకూ పనికిరాదు.

కుబర్నెటీస్ సీక్రెట్‌లు బేస్64 మాత్రమే, ఎన్‌క్రిప్షన్ కాదు, వాటిని అలాగే గిట్‌లో పెడితే పాస్‌వర్డ్ గోడ మీద రాసినట్టే. సాప్స్ అనే టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి. కే3ఎస్‌లో సీక్రెట్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ మొదట్లోనే ఆన్ చేయండి.

నెలకోసారి ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి, లాగిన్ అయి, ఒక పాత ఫైలు తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ అంకెని మొదటి మెట్టులో రాసిన అంకెతో పోల్చండి.

## 10. ఎర్రర్ ఇలా కనిపిస్తే

కొలతలకి ప్రొమీథియస్, గ్రాఫులకి గ్రఫానా, లాగ్‌లకి లోకి పెట్టుకోండి, లాగ్‌లన్నీ ఒకచోటికి రావాలి. దాంతోపాటు క్లస్టర్ బయట ఎక్కడో ఒక చిన్న మెషీన్ మీద సైట్ నడుస్తోందో లేదో చూసే అప్‌టైమ్ కుమా లాంటిది ఉండాలి, ఎందుకంటే క్లస్టర్ పడితే లోపలున్న అలర్ట్‌లు కూడా దాంతోపాటే పడతాయి.

- ఎగ్జిట్ కోడ్ 137: సిగ్‌కిల్ పడింది. ఎక్కువగా మెమరీ పరిమితి దాటడం వల్ల, కాకపోతే సిగ్‌టర్మ్ పట్టించుకోకపోవడం వల్ల.
- ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్: ఏఆర్‌ఎం మెషీన్ మీద ఎక్స్86 ఇమేజ్, లేదా తిరగేసి. రెండింటికీ బిల్డ్ చేయండి.
- డిస్కు హఠాత్తుగా నిండింది: డాకర్ మామూలు జేసన్ లాగ్ డ్రైవర్ ఫైళ్లని తనంతట తాను కత్తిరించదు. సైజు పరిమితి, ఫైళ్ల సంఖ్య పెట్టండి.
- లాగిన్ టోకెన్ ఒక నోడ్ మీద చెల్లి, ఇంకో నోడ్ మీద చెల్లట్లేదు: సీక్రెట్ కీ తేడా, లేదా గడియారాలు తేడా. అన్ని నోడ్ల మీదా క్రోనీ (గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్) నడుస్తోందా చూడండి.
- క్రాన్ జాబ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి: కుబర్నెటీస్ క్రాన్‌జాబ్ మామూలుగా దాన్ని ఒప్పుకుంటుంది. కన్‌కరెన్సీ పాలసీని ఫర్‌బిడ్‌కి మార్చండి.

## 11. కావాలని పడగొట్టండి

జనం వాడటం మొదలుపెట్టకముందే, పగటిపూట, టీమ్ అంతా మేలుకుని ఉన్నప్పుడు చేయండి. మెషీన్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేయడం పరీక్ష కాదు, కరెంటు వైరు పీకాలి.

మొదట వెబ్ మాత్రమే ఉన్న నోడ్. వెబ్ ఆగకపోవచ్చు, కానీ ఆ నోడ్ మీద ఉన్న పాడ్‌లు వేరేచోట లేవడానికి ఐదు నిమిషాల పైనే పడితే కంగారు పడకండి. కుబర్నెటీస్ పలకని నోడ్ కోసం మామూలుగా 300 సెకన్లు ఓపిక పడుతుంది. వర్కర్లకి అంతసేపు వద్దనుకుంటే టోలరేషన్‌లో ఆ అంకె తగ్గించండి, మరీ పదికి దించితే మాత్రం చిన్న నెట్‌వర్క్ కుదుపుకే పాడ్‌లన్నీ ఊరేగుతాయి.

తర్వాత డేటాబేస్ ప్రైమరీ ఉన్న నోడ్. ఇక్కడ చూడాల్సింది ఫెయిలోవర్ జరిగిందా అన్నది ఒక్కటే కాదు, యాప్ పాత కనెక్షన్లు వదిలేసి కొత్త ప్రైమరీని పట్టుకుందా అన్నది. చాలా పూల్‌లు చచ్చిన కనెక్షన్‌ని పట్టుకుని వేలాడతాయి. కనెక్షన్ టైమౌట్, గరిష్ఠ వయసు పెడితే తగ్గుతుంది. స్టేట్‌ఫుల్‌సెట్ (డేటాబేస్ లాంటి స్టేట్ ఉన్న పాడ్‌లని నడిపే పద్ధతి) పాడ్ అయితే, నోడ్ నిజంగా ఆగిపోయిందని కళ్లతో చూసి నిర్ధారించుకున్నాకే దాన్ని బలవంతంగా డిలీట్ చేయండి, ఊరికే పలకనంత మాత్రాన చేయకండి.

చివరగా మూడింటిలో రెండు నోడ్లు పీకండి. కోరం పోతుంది. మిగిలిన నోడ్ మీద అప్పటికే నడుస్తున్న కంటైనర్లు నడుస్తూనే ఉంటాయి, కానీ కొత్తది ఏదీ లేవదు, ఏ మార్పూ ఒప్పుకోదు. పోయిన నోడ్లు తిరిగొస్తే దానంతటదే కోలుకుంటుంది. రావనుకుంటే, కే3ఎస్‌లో క్లస్టర్-రీసెట్ ఆప్షన్‌తో ఆ ఒక్క నోడ్‌ని ఒంటరి క్లస్టర్‌గా లేపి, మిగతావాటిని కొత్తగా చేర్చాలి. ఆ కమాండ్లు, టోకెన్ ఉన్న చోటు, వరస అన్నీ ఒక కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. మీ నోట్స్ ఆ క్లస్టర్ మీదే నడిచే వికీలో ఉంటే ఆ రోజు అవి తెరుచుకోవు.